పంది రూపాయి

నాణెంలో తప్పు రెండు విధాలు. ముద్ర పడే క్షణంలో లోహపు బిళ్ళ పక్కకు జరిగితే ఆ ఒక్క నాణెమే చెడుతుంది. అచ్చులోనే లోపముంటే దాని నుండి వెలువడిన ప్రతి నాణెమూ ఆ లోపాన్ని మోస్తుంది. ఇండియాలో 1911లో వెలువడిన అయిదవ జార్జి రూపాయి ఈ రెండవ కోవలోనిది.

రాజు ధరించిన అంగీపై ఏనుగు బొమ్మ ఉన్నది. బెర్ట్రమ్ మెకెన్నల్ అనే శిల్పి రూపొందించిన ఆ బొమ్మలో తొండం మరీ పొట్టి. చూసిన జనానికి అది పందిగా తోచింది. పందిని అపవిత్రంగా ఎంచే ముస్లిములు ముఖ్యంగా ఆక్షేపించారు. ముద్రించిన సుమారు 94 లక్షల నాణేలలో 7 లక్షలు మాత్రమే జనం చేతికి వచ్చాయి, తక్కినవి కరిగించారు. 1912 అచ్చులో తొండం పొడవుగా, స్పష్టంగా చెక్కించారు.

ఈ కథ మనకు పరాయిది కాదు. మారిషస్ 1876లో చట్టరీత్యా రూపాయిని స్వీకరించినా, సొంత రూపాయి నాణెం 1934 వరకు రాలేదు. అంతదాకా ఇక్కడ చేతులు మారినది ఇండియా వెండి రూపాయే. కోరంగి రేవున ఓడ ఎక్కి వచ్చిన మన పెద్దలకు చెరకు తోటల కూలి లెక్క తెలిసినది ఆ రూపాయిలలోనే.

కనుక అవ్వల పెట్టెల అడుగున వెండి రూపాయి కనబడితే కడియాలకు కరిగించే ముందు సంవత్సరం చదువుదాం. 1911 అయితే తోమకుండా, ఉన్నది ఉన్నట్టు దాచుదాం. సామాన్యుల కన్ను పట్టిన తప్పును సామ్రాజ్యం ఏడాదిలో దిద్దుకున్నదనడానికి ఆ బిళ్ళే సాక్షి.