టికెట్టు కొని చూసే ఊళ్లు

హవాయిలో హోనొలులు నగరం ఉన్న దీవి పేరు ఒఆహు. ఆ దీవి ఉత్తరపు ఒడ్డున లాయియె అనే చిన్న ఊళ్లో పాలినేషియన్ కల్చరల్ సెంటర్ ఉంది. 42 ఎకరాల్లో నీటి కాలువ తవ్వి, దాని చుట్టూ ఊళ్లు కట్టారు. సమోవా, తోంగా, ఫిజీ, తాహితి, మావోరీల ఆవొటియారొవా అంటే న్యూజిలాండ్, ఇంకా హవాయి. నిజానికి ఈ దీవుల మధ్య వేల కిలోమీటర్ల సముద్రం ఉంది. టూరిస్టు మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అన్నిటినీ తిరిగేస్తాడు. సమోవా కుర్రాడు కొబ్బరిచెట్టు ఎక్కుతాడు, పుల్లలు రుద్ది నిప్పు పుట్టిస్తాడు, మధ్యలో జోకులు వేస్తాడు. సాయంత్రం విందు, రాత్రికి పెద్ద ప్రదర్శన.

ఈ ఊళ్లలో మమ్మల్ని ఆలోచనలో పడేసింది హవాయి ఊరు. హవాయి గడ్డ మీద హవాయి ఊరును మళ్లీ కట్టి చూపించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? గేటు బయట ఉన్నది హవాయే కదా!

హులాను ఇప్పుడు నడుం ఊపే డాన్సుగా చూస్తున్నారు గానీ, రాత లేని కాలంలో అది వాళ్ల పుస్తకం. దేవతల కథలు, రాజుల వంశాలు, ఊళ్ల పేర్లు అన్నీ ఆ పాటల్లోనే ఉండేవి. 1820లో అమెరికా నుంచి మిషనరీలు వచ్చారు. క్రైస్తవం తీసుకున్న రాణి కాఆహుమాను 1830లో నలుగురిలో హులా ఆడకూడదని ఆజ్ఞ వేసింది. అయినా మారుమూల ఊళ్లలో ఆట ఆగలేదు. 1883లో కలాకవువా రాజు తన పట్టాభిషేకంలో హులాను అందరి ముందుకూ తెచ్చాడు. ఆ తర్వాత పదేళ్లకే, 1893 జనవరిలో, చెరకు వ్యాపారుల వర్గం ఆయన చెల్లెలు లిలియువొకలాని రాణిని గద్దె దించింది. ఆ రోజు అమెరికా నావికా సైనికులు తుపాకులతో ఒడ్డున దిగి ఉన్నారు. దేశాన్ని అమెరికాలో కలపొద్దని 1897లో 21,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. 1898లో కలిపేశారు.

ఈ రెంటి మధ్య 1896లో ఇంకో చట్టం వచ్చింది. బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలన్నది. చరిత్ర పుస్తకాల్లో దీనికి దొరికే చోటు తక్కువ. పాఠాలు చెప్పుకునే మాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే అనిపిస్తుంది. ఆటను నిషేధిస్తే దాక్కుని బతికింది. భాషను బడిలోంచి తీసేస్తే రెండు మూడు తరాల్లో ఇంట్లోంచి కూడా పోయింది. నీహావు అనే చిన్న దీవిలో మాత్రం పిల్లలు దాన్ని మాట్లాడుతూనే ఉన్నారు.

ఇక లాయియె సంగతి. 1865లో మోర్మన్ చర్చి అక్కడ 6,000 ఎకరాల దాకా కొని చెరకు వేసింది. 1940లో వాళ్ల ప్రార్థనా మందిరం కాలిపోయింది. కొత్తది కట్టడానికి డబ్బు కావాలని 1948లో ఊరివాళ్లు హుకిలౌ మొదలుపెట్టారు. హుకిలౌ అంటే ఊరంతా కలిసి వల లాగడం. వల లాగి, విందు పెట్టి, ఆడి పాడి టూరిస్టుల దగ్గర డబ్బు తీసుకున్నారు. 1955లో చర్చి అక్కడే కాలేజీ పెట్టింది. దీవుల నుంచి వచ్చిన పిల్లలకు ఫీజు డబ్బు ఎక్కడిది? 1963 అక్టోబర్ 12న తెరిచిన కల్చరల్ సెంటర్ వాళ్లకు పని చూపించింది. ఇప్పటికీ అక్కడ ఆడేవాళ్లలో చాలామంది ఆ కాలేజీ విద్యార్థులే. ఆ కొబ్బరిచెట్టు ఎక్కే కుర్రాడు మర్నాడు పరీక్ష రాయాల్సినవాడు కావచ్చు. కాబట్టి అదంతా ఉత్త నాటకమని కొట్టిపారేయలేం. మావోరీ ఊళ్లో చెక్కడాలు మావోరీ శిల్పులు చేసినవే.

అరకు మ్యూజియం దగ్గర థింసా ఆడే మనవాళ్లకు కూడా ఆ డబ్బు అవసరమే. పండగనాడు కాళ్లు అలిసేదాకా ఆడే థింసాను అక్కడ బస్సు టైముకు ముగించాలి. లాయియెలోనూ అంతే. ఏది చూపాలో, ఎంతసేపు చూపాలో ఆడేవాళ్ల చేతిలో లేదు. విందుకొచ్చినవాళ్లకు 1893 గురించి చెప్పడం ఏ యజమానికైనా కష్టమే.

హవాయివాళ్లు తమ చరిత్రను వేరేచోట వెతుక్కున్నారు. 1976లో హోకులెయా అనే జంట పడవ, దిక్సూచి వంటి పరికరాలేవీ లేకుండా, హవాయి నుంచి తాహితికి చేరింది. చుక్కలను, అలలను చూసి దారి చెప్పింది మైక్రొనీషియాకు చెందిన మావు పియైలుగ్. హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్లు మిగల్లేదు మరి. హోకులెయా అంటే వాళ్ల భాషలో మన స్వాతి నక్షత్రం. 1978లో హవాయి భాష అధికార భాషల్లో ఒకటైంది. 1984లో కవాయి దీవిలో మొదటి పూనన లేఓ, అంటే మాటల గూడు, తెరిచారు. పాత చట్టం అప్పటికింకా పూర్తిగా పోలేదు. అది మారింది 1986లో. మర్నాటి ఏడు ప్రభుత్వ బడుల్లోనూ హవాయి భాషలో తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడు హిలో విశ్వవిద్యాలయంలో ఆ భాషలో పీహెచ్‌డీ దాకా చదవొచ్చు. పూనన లేఓలో పిల్లను చేర్చితే తల్లిదండ్రులు కూడా వచ్చి బడి పనులు చేయాలి, పిల్లతో పాటు కూర్చుని మాటలు నేర్చుకోవాలి.