జైళ్లలో సాంక్రమిక వ్యాధి పరీక్షలు: ఖైదీల వైఖరులు

హెచ్‌ఐవీ, క్షయ, హెపటైటిస్‌ బి, సి, సుఖవ్యాధుల నిర్ధారణ పరీక్షలకు ఖైదీలు ఒప్పుకోవడం వెనుక, వెనుకాడడం వెనుక ఉండే నమ్మకాలు, భయాలు, అనుభవాలు ఈ అంశం కిందికి వస్తాయి. వ్యాధి గురించి ఎంత తెలుసన్న దానితో పాటు, ఫలితం ఎవరి చెవిన పడుతుందన్న అనుమానం కూడా ఖైదీ నిర్ణయంలో కీలకం.

నేపథ్యం

2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే. కిక్కిరిసిన, గాలి ఆడని బ్యారక్‌లో క్షయ దగ్గు ద్వారా త్వరగా పాకుతుంది. హెచ్‌ఐవీ గాలి ద్వారా సోకదు. ఒకరు వాడిన సూది, పచ్చబొట్టు పరికరాలు, రక్షణ లేని లైంగిక సంబంధాలు దానికి దారులు.

పరీక్షల తీరు

కొత్తగా వచ్చిన ఖైదీకి వైద్య పరీక్ష జరపాలని 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ చెబుతోంది. హెచ్‌ఐవీ తొలి పరీక్షకు వేలి కొసన తీసిన రక్తపు చుక్క చాలు. ఫలితం అరగంటలో తెలుస్తుంది. అనుమానం వస్తే వేర్వేరు కిట్లతో మళ్లీ పరీక్షించాకే నిర్ధారిస్తారు. ఊపిరితిత్తుల క్షయకు తెమడ పరీక్ష చేస్తారు. 2023లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మొదట చెప్పిన వ్యాధులన్నింటికీ కలిపి జైళ్లలో పరీక్షల కార్యక్రమం చేపట్టింది.

వైఖరులు

పలు దేశాల అధ్యయనాల్లో ఒకే రకమైన కారణాలు కనిపిస్తాయి. ఉచిత వైద్యం దొరుకుతుందని, బయటికెళ్లాక భార్యాబిడ్డలకు సోకకూడదని కొందరు ముందుకొస్తారు. తోటి ఖైదీలు వెలివేస్తారని, వేరే గదిలో పెడతారని, ములాఖాత్‌కు వచ్చిన ఇంటివాళ్లకు తెలిసిపోతుందని మరికొందరు జంకుతారు. వరుసలో వెనకున్నవాడికి వినపడేలా ప్రశ్నలడిగితే నిజం చెప్పేవాళ్లు తక్కువ. అరెస్టయిన తొలిరోజుల్లో బెయిలు బెంగలో ఉన్నవారికి కౌన్సెలింగ్ మాటలు తలకెక్కవు. అందుకే పరీక్ష అవకాశాన్ని ఒక్కసారితో సరిపెట్టకుండా మళ్లీ మళ్లీ ఇవ్వడం మేలు.

చట్టం

కోయిలకుంట్ల సబ్‌జైలుకు సంబంధించిన చల్లా రామకృష్ణారెడ్డి కేసులో, ఖైదీ అయినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, విషయం వివరించి సమ్మతి తీసుకున్నాకే హెచ్‌ఐవీ పరీక్ష చేయాలి. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవారికి పరీక్ష, చికిత్స పొందే హక్కును కూడా ఈ చట్టమే ఇచ్చింది. ఖైదీలకు బలవంతపు హెచ్‌ఐవీ పరీక్షలు అనైతికమని, నిష్ఫలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 లోనే పేర్కొంది.

విడుదల తరువాత

ఫలితం రాకముందే బెయిలుపై వెళ్లిపోయే విచారణ ఖైదీలు, మందులు మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవారు ప్రధాన సమస్య. హెచ్‌ఐవీ మందులు జీవితాంతం వాడాలి. సాధారణ క్షయకు కనీసం ఆరు నెలల చికిత్స అవసరం. రెండు చికిత్సలూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. విడుదలకు ముందే చికిత్స పత్రాలు చేతికిచ్చి, సొంతూరికి దగ్గరి కేంద్రానికి అనుసంధానిస్తేనే జైల్లో చేసిన పరీక్షకు ప్రయోజనం ఉంటుంది.