అడగని ప్రశ్న

రక్తపోటు మాత్రలు మొదలుపెట్టి నాకు ఆరేళ్ళయింది. మొన్నొకనాడు మూడంతస్తుల మెట్లెక్కి, ఆయాసం తీరకముందే కుర్చీలో కూర్చుంటే చేతికి పట్టీ చుట్టారు. 164/96. డాక్టరుగారు మోతాదు రెట్టింపు చేశారు. ఎందుకండీ అని అడగబోయి, బయట వరుసలో ఉన్నవాళ్ళను చూసి చీటీ పుచ్చుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ గుర్తుకొచ్చాడు.

అమెరికా అధ్యక్షుడితో నాకు పోలికేమిటని నవ్వకండి. ఆయనా అడగలేదు.

1935లో ఆయన రక్తపోటు 136/78. 1937లో 162/98. 1941 ఫిబ్రవరిలో 188/105. అంకెలు కాగితాల మీద పెరుగుతూనే ఉన్నాయి. సొంత వైద్యుడు రాస్ మెకింటైర్ చెవి, ముక్కు, గొంతు వ్యాధుల నిపుణుడు; పత్రికలవారికి అధ్యక్షులవారు భేషుగ్గా ఉన్నారనే చెబుతూ వచ్చాడు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే నౌకాదళ హృద్రోగ నిపుణుడు పరీక్షించేసరికి 186/108. గుండె పెరిగింది, నీరసించింది కూడా. డిజిటాలిస్ ఇచ్చారు, ఉప్పూ సిగరెట్లూ తగ్గించారు, విశ్రాంతి అన్నారు. అంతకు మించి అప్పటి వైద్యశాస్త్రం చేతిలో పెద్దగా ఏమీ లేదు. పైగా ఆ పోటును దించబోవడమే ప్రమాదమని నమ్మిన పెద్ద వైద్యులు 1930లలో ఉండేవారు.

బ్రూయెన్ తన జ్ఞాపకాలను 1970లో ఒక వైద్యపత్రికలో వెల్లడించాడు. ఇన్నిసార్లు ఈ పరీక్షలెందుకనిగానీ, ఈ మందులేమిటనిగానీ అధ్యక్షుడు ఒక్కనాడూ అడగలేదట! అడిగినా బతికేవాడని నేననను. కానీ అదే ఏడు నవంబరులో ఆయన నాలుగోసారి ఎన్నికయ్యాడు. ఆ ప్రశ్న ఆయన ఒక్కడిది మాత్రమే కాదు కదా. 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్తరువు గీయించుకుంటూ తలలో భరించలేని నొప్పి అన్నాడు. పోటు 300/190 దాటింది. అప్పటికి ఆయన వయసు 63.

మరి నాలుగేళ్ళకే, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధిని 50 మంది రోగులకిచ్చి చూసిన ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరునుండి రెసర్పిన్‌ను వేరుచేశారు. పోటు దిగింది నిజమే, కానీ వాడినవారిలో కొందరిని దిగులు కమ్మేసింది. ఆ సంగతి ఏ పాదరసపు గొట్టమూ చూపించదు. రోగి నోరు విప్పితేనే తెలుస్తుంది.

మర్నాడు ఫోను చేసి అడిగాను. పాత మోతాదే వేసుకుంటూ, వారంపాటు ఇంట్లో ఉదయం, సాయంత్రం అయిదు నిమిషాలు ఊరక కూర్చున్నాక కొలిచి రాసుకు రమ్మన్నారు. పుస్తకం పట్టుకువెళ్ళాను. సగటు 136/84. డాక్టరుగారు పేజీలు తిరగేసి, "ఆ రోజు మెట్లెక్కి వచ్చానని నాతో అనలేదేం?" అన్నారు.