సెమ్ గారికి తల స్కానింగ్

2027 మార్చి 23కి కర్ట్ సెమ్ పుట్టి నూరేళ్లు. మన పత్రికల్లో పెద్దగా కనపడని పేరు. ఆ రోజుకి అనుబంధంలో చోటు దొరుకుతుందో లేదో, ఇప్పుడే రాసేస్తున్నాను. పెళ్లి కావాల్సిన పిల్లకి స్కానింగులో గడ్డ బయటపడితే తల్లి మొదట అడిగేది, "పొట్ట కొయ్యాలా డాక్టరుగారూ?" అనే. అక్కర్లేదమ్మా, బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు మూడు చిన్న గాట్లు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు అని డాక్టరు ధీమాగా చెప్పగలుగుతున్నారంటే, అందులో ఈ జర్మన్ మొండిఘటం వాటా చాలా ఉంది.

గర్భసంచిలో గడ్డ అంటూ మనం అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. గర్భసంచి కండరంలో పెరిగేది ఫైబ్రాయిడ్. వయసు పిల్లల్లో తరచు కనిపించే నీటిగడ్డ పక్కనే ఉన్న అండాశయానిది. వాటిలో చాలా మటుకు రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. కరగని వాటిలో డెర్మాయిడ్ అనే వింత రకం ఒకటుంది. విప్పి చూస్తే లోపల వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. పాతకాలంలో ఇది ఎవరి ఇంట్లో బయటపడినా ఊరంతా ఎంత కథ అల్లి ఉంటుందో ఊహించుకోవచ్చు.

చరిత్ర పుస్తకాలు మాత్రం ఆడవాళ్ల జబ్బుల విషయంలో బాగా పొదుపరులు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడ్డ పాంపే నగరంలో స్త్రీల పరీక్షకు వాడే కంచు పరికరం దొరికింది. మర తిప్పితే రెక్కలు విచ్చుకుంటాయి. ఇప్పటి ఆస్పత్రి ట్రేలో పెట్టినా వింతగా ఉండదు. అక్కణ్ణుంచి పదిహేడు శతాబ్దాలు దాటేద్దాం. 1809 క్రిస్మస్ రోజున అమెరికాలోని కెంటకీలో ఎఫ్రయిమ్ మెక్‌డొవెల్ అనే డాక్టరు జేన్ టాడ్ క్రాఫోర్డ్ పొట్ట కోసి అండాశయపు గడ్డ తీశాడు. బరువు పది కిలోలు. పట్టిన సమయం 25 నిమిషాలు. మత్తు మందు రావడానికి ఇంకా దాదాపు నలభై ఏళ్లు ఉంది. కవల పిల్లలు అనుకున్న ఆ బరువుతోనే ఆవిడ అరవై మైళ్లు గుర్రం మీద వచ్చింది. అయిదో రోజున డాక్టరు వెళ్లి చూస్తే తన పక్క తానే సర్దుకుంటోంది. మరో 32 ఏళ్లు బతికింది.

కొయ్యడం వచ్చాక ఎక్కడ ఆపాలన్నది మరిచిపోయారు. 1872లో జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బాటీ చిరాకుకూ మూర్ఛకూ కూడా మందుగా అండాశయాలు తీసేసే పని మొదలెట్టాడు. వాటిలో జబ్బేమీ లేకపోయినా సరే. ఆ ఆపరేషన్‌కి ఆయన పేరే పెట్టారు. చాలాకాలం బాగానే నడిచింది. లండన్‌లో విక్టర్ బోనీ మాత్రం ఎదురు ఈదాడు. ఆయన భార్యకు పెళ్లయిన కొత్తలోనే ఫైబ్రాయిడ్ల కోసం గర్భసంచి తీసేశారు. పిల్లల్లేరు. గడ్డను తియ్యండి, అవయవాన్ని ఉంచండి అని ఆయన జీవితమంతా పోరి, 1946లో దాని మీదే ఓ పుస్తకం రాశాడు. అయితే బోనీ పద్ధతిలోనూ పొట్ట కోత తప్పదు.

కోత లేకుండా లోపలికి చూసే ప్రయత్నం వేరే దారిలో సాగుతోంది. 1901లో జార్జ్ కెలింగ్ ఒక కుక్క పొట్టలోకి గాలి నింపి, గొట్టం దించి చూపించాడు. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబేయస్ మనుషుల మీద చేశాడు. చూడటం వరకే. చూస్తూ పెద్ద పనులు చెయ్యడానికి సెమ్ రావాలి.

మ్యూనిక్‌లో పుట్టిన సెమ్ డాక్టరు చదువుకు ముందు పనిముట్ల తయారీ నేర్చుకున్నాడు. కుటుంబానికి వైద్య పరికరాల కంపెనీ ఉండేది. పగలు ఆపరేషన్‌లో ఏది ఇబ్బంది పెడితే దానికి తగ్గ పరికరం తయారు చేయించుకోగల డాక్టర్లు ఎంతమంది ఉంటారు? పొట్టలోకి గ్యాస్ ఎక్కించడం అప్పట్లో చేతివాటం మీద నడిచేది, ఎక్కువైతే ప్రాణం మీదికొచ్చేది. పీడనాన్ని తానే కొలుచుకుంటూ కార్బన్ డయాక్సైడ్ పంపే యంత్రం చేయించాడు. ఆ వాయువు మండదు, రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది. కరెంటు వాతతో పేగులు కాలిపోతున్నాయని, శరీరంలోకి కరెంటు పోకుండా కొస మాత్రమే వేడెక్కే పరికరం తెచ్చాడు. పిల్లల టాన్సిల్స్ ఆపరేషన్‌లో వాడే జారుముడిని రక్తనాళాలు బిగించడానికి పొట్టలోకి దించాడు. కుర్ర డాక్టర్లు చెయ్యి తిప్పుకోడానికి ఓ ప్లాస్టిక్ పెట్టె కూడా తయారు చేయించాడు.

1970లో కీల్ విశ్వవిద్యాలయ స్త్రీల ఆస్పత్రికి పెద్దయ్యాడు. అక్కడ ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది అండాశయపు గడ్డ తీసే తీరు. పై పొర కొంచెం చీల్చి, బత్తాయి తొన మీది పొర ఒలిచినట్టు గడ్డ గోడను మెల్లగా ఒలుస్తారు. మిగతా అండాశయం ఎక్కడిదక్కడే ఉంటుంది. బోనీ కోరిక కోత లేకుండా తీరిందన్నమాట.

సహోద్యోగులు మురిసిపోయారా? తల స్కానింగ్ చేయించుకోమన్నారు. బుర్ర చెడ్డవాడు తప్ప ఇలా గొట్టాల్లోంచి ఎవడు ఆపరేషన్ చేస్తాడని వాళ్ల వాదన. ఒక సభలో ఆయన స్లైడ్లు చూపిస్తుంటే మధ్యలో ప్రొజెక్టర్ ప్లగ్గు పీకేశారు, ఇంత అనైతికమైనది చూపించకూడదని. అయినా ఆయన ఊరుకునే రకం కాదు. 1980 సెప్టెంబరులో ఏకంగా అపెండిక్స్‌నే అదే దారిన బయటికి తీశాడు. ఆడవాళ్ల డాక్టరు జనరల్ సర్జన్ల పెరట్లో అడుగు పెట్టాడు! జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు ఆయన్ని వైద్యవృత్తి నుంచి సస్పెండ్ చెయ్యమంటూ స్త్రీవైద్యుల సంఘానికి ఉత్తరం రాశాడు. ఆ ఆపరేషన్ మీద సెమ్ రాసిన వ్యాసాన్ని అమెరికన్ పత్రిక ఒకటి తిప్పి పంపింది. చివరికి 1983లో ఇంకో పత్రిక అచ్చేసింది. రెండేళ్లలోనే ఎరిక్ మ్యూహే అనే జర్మన్ సర్జన్ పిత్తాశయాన్ని ఇలాగే తీశాడు. పదేళ్లు తిరిగేసరికి తిట్టిన సర్జన్లే క్లాసులకి వరస కట్టారు. సెమ్ ఆ ముచ్చటా చూసి 2003లో పోయాడు.

ఇక్కడివరకూ కథ సాఫీగా నడుస్తుంది. తర్వాత దారులు చీలిపోతాయి. కామ్రాన్ నెజాత్ అనే డాక్టరు గొట్టానికి కెమెరా తగిలించి, ఒంటికన్నుతో గొట్టంలోకి వంగి చూసే డాక్టర్లను టీవీ ముందు నిటారుగా నిలబెట్టాడు. ముంబైలో తెహెమ్‌టన్ ఉడ్వాడియా 1972లోనే ఈ గొట్టాన్ని, అంటే ల్యాపరోస్కోప్ని, పట్టి, 1990లో దేశంలో మొదటిసారి దానితో పిత్తాశయం తీశారు. మెలిపడి నల్లబడ్డ అండాశయాన్ని కూడా ఇప్పుడు మెలి విప్పి ఉంచేస్తున్నారు, చాలాసార్లు కోలుకుంటుంది. మరోపక్క, ఫైబ్రాయిడ్లను లోపలే ముక్కలు చేసి తీసే పరికరం తెలియకుండా దాగిన క్యాన్సర్‌ని పొట్టంతా చల్లొచ్చని 2014లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సెమ్ ముచ్చటపడి తయారు చేయించిన వాటిలో ఆ జాతి పరికరమూ ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చిన్న గాట్ల (కీహోల్) ఆపరేషన్ కంటే పాత కోతే మేలని 2018లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

మన దగ్గర? తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక్క రోజే 34 మందికి డీపీఎల్ (రెండు గాట్ల ల్యాపరోస్కోపీ) పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇంకోలా కలవరపెడుతుంది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో మనదే అగ్రస్థానం. కడుపునొప్పనో తెల్లబట్టనో వెళితే, పుండు పడింది, క్యాన్సరవుతుంది అని భయపెట్టి, ముప్ఫై దాటీదాటకముందే తీసేసిన కథలు మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇప్పుడు అదే పని చిన్న గాట్లతోనూ చేసిపెడతారు, బిల్లు మాత్రం పెద్దది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. బాటీ ఆపరేషన్ మొదలై అప్పటికి నూటయాభై ఏళ్లు దాటింది.