పూర్వ విద్యార్థినుల పట్టికలో లేని పేర్లు

కళాశాలలకి పాతికేళ్లో యాభై ఏళ్లో నిండినప్పుడు ప్రత్యేక సంచికలు వెలువడుతూ ఉంటాయి. ప్రముఖుల సందేశాలు, పాత ఫొటోలు, పద్యాలు అయిపోయాక చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. 'మా కళాశాల గర్వించదగిన పూర్వ విద్యార్థినులు' అని దానికి శీర్షిక. ఒకరు డాక్టరు, ఒకరు న్యాయవాది, ఒకరు శాసనసభ్యురాలు, ఒకరు రచయిత్రి. ఎవరు ఏ సంవత్సరం చదివారు, ఏ పదవికి చేరారు అన్నంతవరకే అందులో ఉంటుంది. సాహిత్య విద్యార్థులు ఆ పట్టికని కూడా ఒక రచనగా చదవాలని నా అభిప్రాయం. ఏ రచనకైనా ఉన్నట్టే దానికీ ఒక దృక్పథం ఉంది. అది చెప్పే విషయం ఉంది, చెప్పకుండా దాటవేసే విషయమూ ఉంది.

ఇలాంటి పట్టికలకి అమెరికాలో చాలా పెద్ద సంప్రదాయం ఉంది. అక్కడి కళాశాలల్లో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థినుల సోదరీ సంఘాలు 19వ శతాబ్దంలోనే ఏర్పడ్డాయి. వాటిలో నల్లజాతి యువతులకి చోటు లేదు. అంచేత వాళ్లు వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా, 1920లో జీటా ఫై బీటా పుట్టాయి. డెల్టా సిగ్మా థీటా స్థాపించిన ఇరవై ఇద్దరు విద్యార్థినులు చేసిన మొదటి బహిరంగ కార్యం అదే సంవత్సరం మార్చి 3న స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడవడం. 1993లో నోబెల్ బహుమతి పొందిన టోనీ మారిసన్, 2021 నుంచి 2025 వరకు ఉపాధ్యక్షురాలిగా ఉన్న కమలా హారిస్ ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యులే.

రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ పేరు జీటా ఫై బీటా పట్టికలో గౌరవంగా కనిపిస్తుంది. కాని 1950లో ఆమె ఒక ఇంట్లో పనిమనిషిగా బతికారనీ, 1960లో పేదల ఆశ్రమంలో చనిపోయారనీ, 1973లో ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పాతించేదాకా ఆమె సమాధికి గుర్తైనా లేదనీ పట్టిక చెప్పదు. గెలిచిన క్షణాన్ని మాత్రమే అది పట్టుకుంటుంది. గెలుపుకి ముందేం జరిగింది, తరవాతేం జరిగింది అన్నది చరిత్రకారుడూ, విమర్శకుడూ వెతుక్కోవలసిందే.

మనకి గ్రీకు అక్షరాల సంఘాలు లేవు. మన దగ్గర ఆ పని చేసినవి స్త్రీల కళాశాలలు, వాటి హాస్టళ్లు, మహిళా సభలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని ఏర్పడలేదు. అంతకుముందు పట్టా కావాలనుకున్న తెలుగు ఆడపిల్లకి దారి మద్రాసే. అక్కడ 1914లో క్వీన్ మేరీస్ కళాశాల, 1915లో ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాల మొదలైనాయి. ఈ రెండు కళాశాలల నుంచి వచ్చిన ఇద్దరు తెలుగు స్త్రీల జీవితాలు చూద్దాం.

ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాల పట్టభద్రురాలు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకి వెళ్లారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ప్రజారోగ్య శాఖ నిర్వహించారు. రెండో ఆమె అయ్యలసోమయాజుల లలిత. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒడిలో నెలల పాప. క్వీన్ మేరీస్‌లో ఇంటర్మీడియేట్ చదివి గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో ఇంజనీర్లైన మొదటి స్త్రీలలో ఆమె ఒకరు. పట్టా పత్రంలో పురుషుణ్ణి ఉద్దేశించి అచ్చువేసిన సర్వనామాన్ని కొట్టేసి, స్త్రీవాచకం చేత్తో రాసి ఇచ్చారట. తరవాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రానంగల్ విద్యుత్తు లైన్ల రూపకల్పనలో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశానికి హాజరయ్యారు.

ఈ రెండు జీవితాలూ నిస్సందేహంగా గొప్పవే. కాని వాటి వెనక ఉన్న భౌతిక పరిస్థితుల్ని కూడా చూడాలి. రుక్మిణిగారు జమీందారీ కుటుంబంలో పుట్టారు. లలితగారి తండ్రి గిండీ కళాశాలలోనే ఆచార్యులు. ఆయన అధికారుల్ని ఒప్పించకపోతే ఆ కళాశాల తలుపు ఆమెకి తెరుచుకునేది కాదు. వ్యక్తి పట్టుదల నిజమే, దానికి నిలబడ్డానికి ఒక అరుగు దొరికిందన్నదీ అంతే నిజం. పట్టిక పట్టుదలని పొగుడుతుంది, అరుగు మాట ఎత్తదు. దాంతో చదివే పిల్లకి, పైకి రానివాళ్లందరూ పట్టుదల లేనివాళ్లే కాబోలు అన్న భావం కలుగుతుంది. పట్టిక చేసే అసలు అపకారం ఇదే.

అరుగు లేనివాళ్లు దాన్ని తామే కట్టుకున్న సందర్భం ఒకటి మన చరిత్రలో ఉంది. రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలో జరిగిన పెళ్లిని కాదని బయటికి వచ్చిన దుర్గాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, స్త్రీలకి హాస్టలు లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు అభ్యంతరం చెప్పారు. చదువుకోదలచిన స్త్రీలెవరైనా ఉంటే రమ్మని ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్లని కూడగట్టి హాస్టలు నడిపించి, చేరి, 1939లో ఆనర్సు పట్టా తీసుకున్నారు. తెలుగు దేశంలో విద్యార్థినుల సోదరీ సంఘం అనదగినది ఏదైనా ఉంటే, నా దృష్టిలో అది వాల్తేరులోని ఆ హాస్టలే. అది పేరు కోసం కాదు, పట్టెడన్నం, తల దాచుకునే చోటు కోసం ఏర్పడింది. తరవాత ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలు కావడం, ప్రణాళికా సంఘంలో ఉండడం అందరికీ తెలిసినవే.

1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిన స్త్రీలని మెట్రిక్ పరీక్షకి తయారుచేసే పని మీద పెట్టుకుంది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా 1958లో ఆమె ప్రవేశపెట్టిన సంక్షిప్త విద్యా కోర్సులకి మూలం ఇక్కడే ఉంది. ఆ సభలో చదువుకున్నవాళ్లలో ఒకరు కొండపల్లి కోటేశ్వరమ్మ. బాలవితంతువు, పునర్వివాహిత, కమ్యూనిస్టు కార్యకర్త, ప్రజానాట్యమండలి గాయని, అజ్ఞాతవాసి. భర్త విడిచి వెళ్లాక, ముప్పై ఏళ్లు దాటిన వయసులో, చిన్నపిల్లల పాఠాలు ముందేసుకుని మెట్రిక్ చదివారు. తరవాత కాకినాడలో పాలిటెక్నిక్ విద్యార్థినుల హాస్టల్లో ఉద్యోగం చేశారు. 2012లో 'నిర్జన వారధి' వెలువడేదాకా ఆ హాస్టల్లో తిని చదువుకున్న అమ్మాయిల్లో ఎందరికి తమ వార్డెన్ ఎవరో తెలుసు? వాళ్లలో ఇంజనీర్లైనవాళ్ల పేర్లు పట్టికకి ఎక్కి ఉంటాయి. వాళ్లకి అన్నం పెట్టించిన చేతి పేరు ఎక్కి ఉండదు. నూరేళ్లు నిండి 2018లో ఆమె కన్నుమూశారు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఏలూరులో స్త్రీవిద్య చరిత్ర కళాశాలలతో మొదలు కాలేదు. మాగంటి అన్నపూర్ణాదేవి కలకత్తాలో చదువుకుని వచ్చారు. 1921లో గాంధీగారు ఏలూరు వచ్చినప్పుడు తన నగలు ఒలిచి ఇచ్చారు. రచనలు చేశారు. మూడు పదులు నిండకుండానే 1927లో చనిపోయారు. అప్పటికి ఈ ఊళ్లో కళాశాలే లేదు. సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో వచ్చింది. ఒకనాడు స్త్రీలకి హాస్టలు లేదన్న పెద్దమనిషి పేరే దానికి పెట్టుకున్నారు. సెయింట్ థెరిసా మహిళా కళాశాలని క్రైస్తవ సన్యాసినులు 1953లో ప్రారంభించారు. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న పల్లెల ఆడపిల్లలకి అది నిజంగా పెద్ద ఆసరా. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

కాని మరొక సంవత్సరాన్ని దాని పక్కన పెట్టి చూడండి. 1955లో తాడేపల్లిగూడెం హైస్కూల్లో, బొమ్మిడి గ్రామంలో పుట్టిన ఒక అమ్మాయి ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైంది. ఏలూరులో ఆడపిల్లల కళాశాల పెట్టి అప్పటికి రెండేళ్లు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి యాభై కిలోమీటర్లు. మద్రాసు-కలకత్తా రైలు మార్గం మీద రెండూ స్టేషన్లే. కళాశాల ఉంది, రైలుంది. తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదు. చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ అమ్మాయే రంగనాయకమ్మ. 'బలిపీఠం', 'స్వీట్ హోం', 'జానకి విముక్తి', 'రామాయణ విషవృక్షం' రాసి, మార్క్స్ 'కాపిటల్'కి తెలుగులో పరిచయం రాసిన రచయిత్రి ఏ కళాశాల పూర్వ విద్యార్థినుల పట్టికలోనూ లేరు. ఆమె రచనల మీద మాత్రం పరిశోధనలు చేసి పట్టాలు పుచ్చుకున్నవారున్నారు.

నూజివీడులో పుట్టి ఏలూరులో హైస్కూలు చదువు చదివిన మాలతీ చందూర్ కథా దాదాపు ఇదే. కళాశాలతో పనిలేకుండా మద్రాసు చేరారు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' శీర్షిక నడిపారు. 'పాత కెరటాలు' ద్వారా వందలాది ఇంగ్లీషు నవలల్ని తెలుగు గృహిణికి పరిచయం చేశారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2013లో మరణించేదాకా రాస్తూనే ఉన్నారు. ప్రపంచ నవల మీద ఒక విశ్వవిద్యాలయ శాఖ చెయ్యవలసిన పని ఒక వారపత్రిక పేజీలో ఆమె చేశారు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 'చూశారా, ప్రతిభ ఉన్నవాళ్లకి కళాశాల ఎందుకు?' అనే వాదం ఈ ఇద్దరి పేర్లు చూపించి వెంటనే బయల్దేరుతుంది. ఫీజులు కట్టలేని తల్లిదండ్రుల్ని ఓదార్చడానికీ, హాస్టళ్లు మూసే ప్రభుత్వాల్ని సమర్థించడానికీ అది బాగా పనికొస్తుంది. నిజానికి అది పాత పట్టికకే కొత్త రూపం. గెలిచిన ఇద్దర్ని చూపించి మిగతా వేలమందిని మరిచిపోవడం అందులోనూ ఉంది. 1955లో రంగనాయకమ్మగారితో పాటు అదే పరీక్ష ప్యాసై, అదే కారణంతో ఆగిపోయి, ఏమీ రాయకుండా వంటింటి పొగలో కలిసిపోయిన తోటి పిల్లల సంగతేమిటి? ఆ ఇద్దరూ కళాశాల అనవసరమని రుజువు చెయ్యలేదు. డబ్బు లేక కళాశాల బయట ఆగిపోయిన బుద్ధి ఎంతటిదో రుజువు చేశారు. ఈ రెండు మాటలకీ తేడా తెలియని విమర్శ అభ్యుదయ విమర్శ కాదు.

డబ్బుతో పాటు కులం మాట కూడా చెప్పుకోవాలి. నల్లజాతి విద్యార్థినులు సొంత సంఘాలు ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో మనకి వేరే వివరించనక్కరలేదు. మన పట్టణాల్లోనూ కులాల పేర్లతోనే హాస్టళ్లు వెలిశాయి, అదీ ముందుగా మగపిల్లలకి. దళిత స్త్రీగా శాసనసభ ఉపసభాపతి స్థానంలో కూర్చుని, మంత్రిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితం గోగు శ్యామల 'నేనే బలాన్ని' రాశాక గాని సాహిత్యలోకంలో చర్చకి రాలేదు. పదవి దక్కినంత మాత్రాన చరిత్ర దక్కదు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

కొల్లేరు గ్రామాల్లో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1999లో సరస్సుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సు గర్భంలోని చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. సరస్సు బతకాలన్నది న్యాయమే. కాని గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారు ఇంకో చోట చెరువు తవ్వుకోగలడు. వల మీదా కూలి మీదా బతికే లంక గ్రామాల ఇంట్లో మొదట తెగేది ఆడపిల్ల చదువు. ఈ ప్రాంతంలో బడిపంతులుగా ఉన్నవాడిగా ఒక మాట చెబుతాను. పదో తరగతి పిల్లలకి ఏటా 'నా ఆశయం' అని వ్యాసం ఇస్తాను. ఆడపిల్లలు డాక్టరు, కలెక్టరు అని రాస్తారు. ఒక ఏడాది ఒక లంక పిల్ల, 'అమ్మ చెరువు పనికి వెళ్లినా నేను బడి మానకుండా ఉండడం' అని రాసింది. వ్యాకరణ దోషాలు దిద్ది, మార్కులు వేసి ఇచ్చాను. మరుసటి సంవత్సరం ఆ పిల్ల ఎక్కడ చేరిందో నేను వాకబు చెయ్యలేదు. పట్టికలు వేసే కళాశాలల్ని తప్పుపట్టే ముందు ఈ సంగతి ఒప్పుకోవలసి ఉంది.

మరి చెయ్యవలసిందేమిటి? 1986లో స్త్రీశక్తి సంఘటన వారు 'మనకు తెలియని మన చరిత్ర' వెలువరించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూర్చుని, వాళ్ల మాటల్లోనే చెప్పించి రాసిన పుస్తకం అది. ఆ పద్ధతి కళాశాలల చరిత్రకి కూడా పనికొస్తుంది. మన జిల్లాల్లో తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థులు ఒక పాత హాజరు పట్టీ తీసుకుని, అందులోని పేర్లన్నిటి వెంటా నడిచి వెళ్లాలి. ప్యాసైనవాళ్ల దగ్గరికే కాదు, రెండో ఏట మానేసినవాళ్ల దగ్గరికి, ఫీజు కట్టలేక చేరనివాళ్ల దగ్గరికి, హాస్టల్లో వండిపెట్టినవాళ్ల దగ్గరికి కూడా వెళ్లాలి. అలా రాసిన చరిత్రలో డాక్టరు పేరూ ఉంటుంది, కలెక్టరు పేరూ ఉంటుంది. ఆ పేర్లు అప్పుడు వాటి అసలు కొలతలో కనిపిస్తాయి.

వచ్చే ఏడు కూడా 'నా ఆశయం' వ్యాసం ఇస్తాను. ఈసారి దిద్ది ఇచ్చేసి ఊరుకోను. కాగితాలు దాచి, ఏడాది తిరిగాక ఆ పేర్లు పట్టుకుని వెళతాను.