అతుకుల పరుగు

అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్‌తో చూసే అణుగతి లెక్కలకు ఆద్యుల్లో ఒకరైన అనీసుర్ రహమాన్ హైదరాబాద్‌లో పుట్టారంటే మా ల్యాబు పిల్లలు ఒక పట్టాన నమ్మరు. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఆయన అమెరికా వెళ్లి, 1964లో సీడీసీ 3600 యంత్రంపై ద్రవ ఆర్గాన్‌లోని 864 పరమాణువుల కదలికను లెక్కగట్టారు. పెట్టె గోడ దాటిన పరమాణువు ఎదుటి గోడలోంచి లోపలికొచ్చే ఏర్పాటు అందులో ఉంది. దాని ఫలం మేమింకా అనుభవిస్తున్నాం: తెరమీద ప్రోటీన్ సగం ఇటు, సగం అటు!

1977లో మెక్‌కామన్, గెలిన్, కార్‌ప్లస్ తొలిసారి ఒక ప్రోటీన్‌ను ఈ లెక్కల్లో కదిలించారు. అదీ పది పికోసెకన్లలోపే. ఇప్పుడు లెక్కల పరుగులు పెద్దవి, అందరూ వాడుకునే కంప్యూటర్ల క్లస్టరేమో గడువు తీరగానే మా పనిని బయటికి నెడుతుంది. దాచుకున్న చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలుపెడతాం, ఫైళ్లు ముక్కలవుతాయి, అంచుల్లో అవే క్షణాలు రెండుసార్లు పడతాయి.

1990లలో గ్రోనింగెన్‌లో మొదలైన గ్రోమాక్స్ అనే అణుగతి సాఫ్ట్‌వేర్‌లో ఈ ముక్కలకూ, తెరమీద తెగిన ప్రోటీన్‌కూ రెండు పనిముట్లున్నాయి. ట్రజ్‌క్యాట్ ఫైళ్ల ముక్కలు అతికించి, రెండుసార్లు పడ్డ ఫ్రేముల్లో ఒకటి తీసేస్తుంది. ట్రజ్‌కాన్వ్ తెగిన అణువుల్ని కలుపుతుంది. వరుస తప్పకూడదు: ముందు అణువును పూర్తి చెయ్యాలి, తర్వాత పెట్టె గోడలు దాటే గెంతులు తీయాలి, ప్రోటీన్‌ను ఒక నమూనాపై సరిపెట్టడం ఆఖర్న. ఈ కదలికల్ని దాచే ఎక్స్‌టీసీ ఫైల్లో పరమాణువుల వేగాలుండవు, స్థానాలే. నిల్వకు నాకది చాలు.