పందికొక్కూ, బాపమ్మ గంపా

మొన్న సెలవులకి వచ్చిన మా మనవడు టీవీ ముందు కూర్చుని ఏదో ఆట ఆడుతున్నాడు. నారింజ రంగు జంతువొకటి బూట్లు తొడుక్కుని, గిరగిరా తిరుగుతూ, దారిలో కనబడ్డ పెట్టెలన్నీ పగలగొడుతోంది.

"అదేం జంతువురా?" అన్నాను.

"క్రాష్ బాండికూట్, నానమ్మా! 1996 నుంచీ ఉన్న ఆట. నీకు తెలీదా?" అన్నాడు, నామీద జాలిపడుతూ.

తెలియకపోవడమేం! ఆ పేరు గలవాడితో నాకు పాత పగే ఉంది. బాండికూట్ అంటే మరేమిటో కాదు, మన పందికొక్కే.

మీరు నమ్మరేమో గానీ ఆ మాట అచ్చంగా మనది. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో కొట్లు తెరిచారు. ఆ తర్వాత ఎప్పుడో మన పందికొక్కు వాళ్ళ నోట బాండికూట్ అయి కూర్చుంది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో అచ్చువేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు కూడా ఇది తెలుగు నుంచి వచ్చిన మాటేనని ఒప్పుకుంది. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు ఆస్ట్రేలియాలో ఒక పొడుగు మూతి జంతువుకి ఇదే పేరు వాడాడు. దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెట్టుకు మోసే జాతి. మావాడి ఆటలో ఉన్నది అదే. ఇక 1873లో గ్రే అనే శాస్త్రవేత్త అసలు పందికొక్కుల జాతికి 'బాండికోటా' అని నామకరణం చేశాడు. చూశారా, ఒక దొంగకి ఎంత మర్యాదో!

మరి ఆ దొంగకి కాపలా కాసినవాళ్ళ సంగతేమిటి? ఆ కథ ఏ నిఘంటువులోనూ దొరకదు కనక నేనే చెబుతాను.

మాది పాత కరీంనగర్ జిల్లాలో జగిత్యాల దగ్గర ఒక పల్లె. 2016లో జగిత్యాలే జిల్లా అయింది. మా నాయనగారి తల్లిని మేం బాపమ్మ అనేవాళ్ళం. ఆమెకి ఎప్పుడూ నాలుగైదు కోళ్ళుండేవి. కోడి ఇరవై ఒక్క రోజులు పొదిగి పిల్లల్ని లేపితే ఇంట్లో పురుడు జరిగినంత హడావుడి. పగలు గద్ద, కాకి, ముంగిస. రాత్రి పిల్లి, పాము, అన్నిటినీ మించి పందికొక్కు. అరచేతిలో పట్టే పిల్లకి ఇంతమంది శత్రువులు!

బాపమ్మ ఆయుధం ఒక్క గంప. మేదరివాళ్ళు వెదురుతో అల్లిచ్చేది. పొద్దుగూకగానే తల్లికోడినీ పిల్లల్నీ దాని కింద కమ్మేది. గంప మట్టినేల మీద పెట్టకూడదు, బండ మీదే పెట్టాలి. ఎందుకంటే పందికొక్కు పైనుంచి రాదు, కిందనుంచి తవ్వుకొస్తుంది. గంప మీద బరువైన రాయి. చుట్టూ పొయ్యిలో బూడిద పలచగా చల్లేది. తెల్లారి లేచి, దానిమీది అడుగులు చూసి, రాత్రి ఎవరొచ్చి పోయారో ఇట్టే చెప్పేసేది. చీకటి పడకముందే నేలమీది నూకలు ఒక్కటి లేకుండా ఊడ్చేది. గోడవార బొక్కల్లో గాజుపెంకులు కూరి మట్టి మెత్తేది. తెల్లకోడిని మాత్రం ఇంటికి రానిచ్చేది కాదు. "తెల్లకోడంటె గద్దను పిల్చినట్టే" అనేది.

గంప సర్దే పని ఒక్కోసారి నాకు అప్పజెప్పేది. ఒకనాటి సాయంత్రం బతుకమ్మ ఆటకి వేళయిపోతోందని గంపని సగం బండ మీదా సగం మట్టి మీదా పెట్టేసి పరుగెత్తాను. తెల్లారి చూస్తే గంప కింద పిడికెడు మట్టి గుట్ట, పక్కన బొక్క. పదకొండు పిల్లల్లో నాలుగే మిగిలాయి. తల్లికోడి మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ఆ నాలుగింటినీ రెక్కల కింద పెట్టుకుని మూలన నిలబడి ఉంది.

వీపు పగులుతుందనుకున్నాను. బాపమ్మ నా ముఖం చూసి, "ఏడువకు బిడ్డా. పందికొక్కుకు నిద్ర లేదు, మనకున్నది. గంతే" అంది. ఆ రాత్రి నుంచీ నెల రోజులు నులకమంచం ఆ గంప పక్కనే వేసుకుని పడుకుంది.

అసలు సంగతి పెద్దయ్యాక తెలిసింది. మా పుస్తకాలకీ పలకలకీ డబ్బు వచ్చేది తాత పొలం నుంచి కాదు, బాపమ్మ కోళ్ళ నుంచి. ఆ ఏడు నా ఆరో తరగతి పుస్తకాలకి ఆమె చేతి వెండి కడియం తాకట్టు పోయింది. మళ్ళీ తిరిగి రాలేదు. "మా ఇంట్ల ఆడోళ్ళకు ఏం పని?" అని తాత మాత్రం అందరితోనూ దర్జాగా చెప్పేవాడు.

మా ఊళ్ళోనే కాదు. గోదావరి అవతల ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఊరికి కాపలా దేవుడైన అకిపేన్‌కి కోడిని మొక్కుగా ఇస్తారు. దేవుడి ముందుకి వచ్చిన ఆ కోడి కూడా ఒకనాడు పిల్లే కదా! ఎవరో ఒకరు రాత్రుళ్ళు లేచి చూసుకుని ఉండాలి కదా!

తర్వాత తర్వాత ఈ విషయం మీద లోకంలో జరిగింది చదివితే నాకు నవ్వొచ్చింది. 1844లో ఇంగ్లండులోని నార్విచ్‌లో చార్లెస్ బర్నార్డ్ అనే ఇనుపసామాన్ల వ్యాపారి, బట్టనేసే యంత్రాన్ని చూసి తీగతో కోళ్ళ జాలి అల్లే యంత్రం తయారుచేశాడు. గొప్ప పనే. కానీ పెద్ద కళ్ళున్న ఆ జాలి కోడిని బయటికి పోనివ్వదు గానీ ఎలుకని లోపలికి రాకుండా ఆపలేదు. దానికి అర అంగుళానికి మించని కళ్ళున్న గట్టి జాలి కావాలి, అదీ అడుగు లోతున భూమిలోకి దింపాలి. బాపమ్మ బండ చేసిన పని అదే.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ళ పరిశోధనకి కేంద్ర సంస్థ ఏర్పడింది. అక్కడివాళ్ళు పెరటి పెంపకం కోసం 'వనరాజా' అనే జాతిని తయారుచేశారు. దానికి కాళ్ళు పొడుగు, తరిమితే పరుగెత్తడానికి. ఒళ్ళంతా రంగు ఈకలు, గద్ద కంటికి తేలిగ్గా ఆనకుండా ఉండడానికి. మొదటి ఆరు వారాలూ పిల్లల్ని వెచ్చగా, భద్రంగా లోపలే పెంచి, ఆ తర్వాతే పెరట్లో వదలాలని చెబుతారు. తెల్లకోడి వద్దన్న బాపమ్మ మాటా, రెక్కలు ముదిరేదాకా గంప వదలకన్న బాపమ్మ మాటా ఇదేగా! ఆమె చదువుకోలేదు, అంతే తేడా.

ఇదంతా మా మనవడికి చెప్పాను. ఆట ఆపేసి శ్రద్ధగా విన్నాడు. విని, "మరి మీ బాపమ్మ పేరేంటి నానమ్మా?" అన్నాడు.

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అందరూ బాపమ్మ అనే పిలిచేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళకి ఫలానావారి తల్లి. పందికొక్కు పేరు మూడు దేశాల్లో ఎలా తిరిగిందో సంవత్సరాలతో సహా చెప్పిన నాకు, నా చదువు నిలబెట్టిన మనిషి పేరు తెలీదు! సిగ్గుతో ఊళ్ళో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేసి కనుక్కున్నాను.

ఆ పేరు మా మనవడి నోటుబుక్కులో రాయించాను. పందికొక్కు పక్కన కాదు, పైన.